లోహపు గింజలతో కణితికి వేడి: లెక్క చూడాల్సింది చల్లటి చోట

కణితిలో లోహపు గింజలు గుచ్చి, బయటి కాయిల్‌తో వాటిని కాచే ఆలోచన కొత్తదేమీ కాదు. 1971లో బర్టన్, హిల్, వాకర్ దీన్ని మెదడులో కావలసిన చోట చిన్న గాయం చేయడానికి ప్రతిపాదించారు. క్యాన్సర్ వైపు మళ్లింది తర్వాత. సూత్రం ఇండక్షన్ స్టవ్‌దే: తీగ తగలదు, కరెంటు లోహంలోనే పుడుతుంది.

గింజ అంటే సుమారు ఒక మిల్లీమీటరు మందం, సెంటీమీటరు పైచిలుకు పొడవున్న కడ్డీ. నికెల్ 70, రాగి 30 పాళ్లకు దగ్గరగా కలిపితే క్యూరీ ఉష్ణోగ్రత, అంటే లోహం అయస్కాంత గుణం కోల్పోయే ఉష్ణోగ్రత, 50 డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతుంది. అంతకన్నా చల్లగా ఉన్నంతసేపు, 100 కిలోహెర్ట్జ్ దగ్గర కరెంటు పైపొరలోనే ఇరుక్కుని పారుతుంది, గింజ బాగా కాగుతుంది. క్యూరీ ఉష్ణోగ్రత తాకగానే అయస్కాంత గుణం పోయి, వేడి పుట్టడం పడిపోతుంది. స్విచ్చి అక్కర్లేదు.

వినడానికి బాగుంది గానీ చిక్కంతా మిశ్రమంలో ఉంది. రాగి ఒక్క శాతం తేడా వస్తే క్యూరీ ఉష్ణోగ్రత సుమారు పది డిగ్రీలు జరుగుతుంది. కరిగించినప్పుడు సమంగా కలవకపోతే వేడి ఆగడం ఒక్కసారిగా కాకుండా, మెల్లమెల్లగా జరుగుతుంది. పైగా నికెల్ ఒంట్లోకి ఊరకూడదు, అందుకే పూత వేస్తారు లేదా ప్లాస్టిక్ గొట్టంలో పెడతారు. ఆ గొట్టం గోడే వేడికి అడ్డం. పల్లాడియం-కోబాల్ట్ గింజలను శాశ్వతంగా వదిలేయొచ్చు, కానీ పల్లాడియం ధర తెలిసిందే.

అమర్చేటప్పుడు గింజలను సుమారు సెంటీమీటరు ఎడంలో, ఒకదానికొకటి సమాంతరంగా, చిల్లుల పలక గుండా బోలు సూదులతో దింపుతారు. ప్రోస్టేట్‌కైతే అల్ట్రాసౌండ్ చూస్తూ, మూత్రాశయం వైపు పోయేలా. నడుము చుట్టూ చుట్టిన కాయిల్ క్షేత్రం కూడా అటే పోతుంది కాబట్టి ఈ అవయవం అనుకూలం. గింజ ఆ దిశ నుంచి వంగితే వేడి కోణపు కొసైన్ వర్గంతో తగ్గుతుంది: 45 డిగ్రీలు వంగితే సగం, 60 అయితే పావు. అడ్డంగా పడితే దాదాపు సున్నా. తెరమీద గింజలన్నీ తమ తమ చోట్లలోనే ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ కొన్ని పని చేయవు.

ఫ్రీక్వెన్సీ పెంచితే సరిపోదా? నాలుగు రెట్లు పెంచితే గింజలో వేడి రెండు రెట్లే అవుతుంది, రోగి ఒంట్లో క్షేత్రం పుట్టించే సుడి కరెంట్ల (ఎడ్డీ) వేడి పదహారు రెట్లు. ముఖ్యంగా ఒంటి అంచున, చర్మం కింద. అందుకే 50–200 కిలోహెర్ట్జ్‌లోనే ఉంటారు.

ఇక అసలు లెక్క. కణాలను చంపడంలో 43 డిగ్రీల్లో 60 నిమిషాలు చేసే పని 44లో 30 నిమిషాల్లో అవుతుంది. 42లో అయితే 240 కావాలి. ఒక్క డిగ్రీకి ఇంత తేడా. గింజ 55 డిగ్రీలున్నా, రెండు గింజల నడిమధ్య రక్తం వేడిని ఊడ్చుకుపోతే 41 దగ్గరే ఆగొచ్చు. పెద్ద రక్తనాళం పక్కన ఉంటే మరీ కష్టం. మా లెక్కలో చికిత్స ఫలితాన్ని తేల్చేది ఆ చల్లటి చోటే, సగటు ఉష్ణోగ్రత కాదు. గింజ క్యూరీ ఉష్ణోగ్రతను లక్ష్యం కన్నా పైన పెట్టేదీ, కొలిచే చోటు గింజల మధ్యన ఉండాలనేదీ అందుకే. ఉష్ణోగ్రత కొలిచే లోహపు తీగ, థర్మోకపుల్, ఆ క్షేత్రంలో తానే వేడెక్కి తప్పు చూపిస్తుంది, ఫైబర్ ఆప్టిక్ ప్రోబ్ వాడాలి.

వేడి ఒంటరిగా చాలదు. రేడియేషన్‌కు లొంగని, ప్రాణవాయువు అందని కణాలు వేడికి లొంగుతాయి, డీఎన్ఏ మరమ్మతూ కుంటుపడుతుంది. అందుకే రెండూ జోడిస్తారు. ఇప్పటికీ ఇది ప్రయోగ దశ దాటి రోజువారీ వైద్యంలో స్థిరపడలేదు. ఒకసారి వేడి తగిలిన కణాలు రెండు మూడు రోజులు మొండికేస్తాయి కాబట్టి, రెండో విడతకు సుమారు 72 గంటలు ఎడం ఉంచుతారు. పేస్‌మేకర్ ఉన్నవారిని కాయిల్‌లోకి రానివ్వరు. గింజలు మిగిలిపోతే అక్కడ ఎంఆర్ఐ బొమ్మ చెడిపోతుంది, తర్వాతి పరీక్షలకు సీటీ స్కాన్ దారి ముందే చూసుకోవాలి.