రాణి ఇవాళ తినలేదు

సిరంజిలోకి మందు ఇంకా ఎక్కించలేదు, రాణి గిన్నె వాసన చూసి మొహం తిప్పేసుకుంది.

షుగర్ ఉన్న కుక్క తినకపోతే నా గుండెల్లో రాయి పడుతుంది. ఖాళీ కడుపు మీద మామూలు డోసు ఇన్సులిన్ పడితే షుగర్ దిగిపోతుంది. పెరగడం కంటే ఆ దిగడమే ఎక్కువ భయం. కాళ్లు తడబడతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే చిగుళ్లకు రాయడానికి తేనె సీసా ఎప్పుడూ చేతికందేలా పెడతాను.

డాక్టర్ గారికి ఫోన్ చేస్తే రక్తం చూడమన్నారు. చెవిని వెలుగుకి పెడితే అంచు వెంబడి సన్నటి నరం కనిపిస్తుంది, ఆ పక్కనే గుచ్చాలి. రాణి కదల్లేదు. నా చెయ్యే వణికింది. రీడింగ్ విని సగం డోసు చాలన్నారు.

ఈలోగా పక్కింటి పిన్నిగారు ఆత్రేయపురం పూతరేకు పట్టుకొచ్చారు, "పాపం, నీరసంగా ఉంది, ఒక్క ముక్క పెట్టమ్మా" అంటూ. ప్రేమే, కాదనను. కానీ లోపలంతా పంచదార. మన కోనసీమలో ఇంటికొచ్చిన తీపిని వద్దనడం ఎంత కష్టమో!

కెనడాలో మా తమ్ముడు ఫెర్రెట్‌ని, అంటే ముంగిసలా ఉండే చిన్న పెంపుడు జంతువుని, పెంచుతున్నాడు. దానిదీ షుగర్ గొడవే, కాకపోతే తిరగేసి. క్లోమంలో ఇన్సులినోమా అనే గడ్డ. ఒంట్లోనే ఇన్సులిన్ ఎక్కువై షుగర్ పడిపోతుంది. వాడు మాటిమాటికీ కొంచెం కొంచెం మాంసం పెడుతుంటాడు. ఇద్దరం రోజూ ఒకరి టెన్షన్ ఒకరం వింటాం.

సాయంత్రానికి రాణి ఉడకబెట్టిన కోడిముక్కలు కాసిని తింది. అమలాపురం వైపు షుగర్ కుక్కల్ని చూసుకుంటున్నవాళ్లుంటే, తిండి మానేసిన రోజు ఏం పెడుతున్నారో చెప్పండి.