ఉప్పు పొట్లం మీద తేదీ

రెండేళ్ళ క్రితం మా నాన్నగారికి కంటి శుక్లాల ఆపరేషన్ చేయించాలని బ్రహ్మపురంలోని ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల్లో ఆయన రక్తపోటు 180/104 ఉన్నట్టు తేలింది. అది అదుపులోకి వచ్చేదాకా కన్ను ముట్టుకోబోమని డాక్టరుగారు మందులు రాసి పంపించేశారు. ఆ ముందురోజు వరకూ నాన్నగారికి తలనొప్పి గానీ, కళ్ళు తిరగడం గానీ, ఆయాసం గానీ లేవు. “నాకే జబ్బూ లేదమ్మా, ఆ మిషనే చెడిపోయి ఉంటుంది” అని ఆయన దారి పొడవునా అంటూనే వచ్చారు. రక్తపోటుతో వచ్చే చిక్కే అది. లోపల రక్తనాళాలు, గుండె, మూత్రపిండాలు ఏళ్ళ తరబడి దెబ్బతింటున్నా, పైకి మనిషి నిక్షేపంగా తిరుగుతూనే ఉంటాడు.

మా ఇంట్లో మిఠాయిలు పండగలకే. వేపుళ్ళు కూడా తక్కువే. అందుకే మా తిండి మంచిదేనన్న నమ్మకం మాకు గట్టిగా ఉండేది. ఆ నమ్మకం ఎక్కడ తప్పిందో వెతకడం మొదలుపెడితే చివరికి అమ్మ డాబా మీద ఆరబెట్టే అప్పడాల దగ్గరకు వచ్చి ఆగాము. 1936లో ఒడిశా ఏర్పడే వరకూ మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఊరు మా బ్రహ్మపురం. పట్టుచీరలతో పాటు అప్పడాలకూ ఊరగాయలకూ దానికి పేరు. ఇక్కడి తెలుగు ఇళ్ళలో ముద్దపప్పుకు అప్పడం, పెరుగన్నానికి ఆవకాయ లేకపోతే భోజనం పూర్తయినట్టు కాదు.

ఒకరోజు అమ్మ కిలో మినప్పిండికి వేసే ఉప్పును కాటాలో తూచి చూశాను. 70 గ్రాములు తూగింది. ఆ పిండికి సుమారు 120 అప్పడాలు వస్తాయి గనుక ఒక్కొక్క అప్పడంలో అర గ్రాముకు పైగానే ఉప్పు ఉన్నట్టు. నాన్నగారు పూటకు రెండు చొప్పున రోజుకు నాలుగు తినేవారు. పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే చెంచాడు లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆయనకు అందులో దాదాపు సగం అప్పడాలతోనే అయిపోయేది. అప్పడాల పిండిలో కలిపే సోడాలోనూ ఉప్పులో ఉండే సోడియమే ఉంటుంది, దాన్ని నేను లెక్కలో వేయనేలేదు.

తరువాత కూరలకు వాడే ఉప్పు కిలో పొట్లం విప్పిన రోజున దాని మీద పెన్నుతో తేదీ వేసి పెట్టాను. నలుగురున్న ఇంట్లో అది కనీసం 50 రోజులు రావాలి. మాకు 26 రోజులకే అయిపోయింది. అంటే మనిషికి రోజుకు తొమ్మిదిన్నర గ్రాములకు పైనే. ఆవకాయకూ అప్పడాలకూ అమ్మ వాడే కల్లుప్పు ఈ లెక్కలో లేనే లేదు.

ఎక్కువైన సోడియాన్ని బయటికి పంపవలసినవి మూత్రపిండాలే. అవి పంపలేనంత వచ్చిపడుతున్నప్పుడు శరీరం నీటిని పట్టి ఉంచుతుంది, నాళాల్లో రక్తం పరిమాణం పెరుగుతుంది, గోడల మీద ఒత్తిడి హెచ్చుతుంది. ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడి తగిలిన నాళాలు బిరుసెక్కుతాయి, దానికి ఎదురు పంపు కొట్టీ కొట్టీ గుండె కండరం మందమవుతుంది. పక్షవాతానికీ గుండెజబ్బుకూ మూత్రపిండాలు చెడిపోవడానికీ దారి అక్కడే పడుతుంది.

ఉప్పు తగ్గిద్దామని అందరం ఒప్పుకున్నాము గానీ, ఆవకాయలో ఉప్పు తగ్గిస్తానంటే అమ్మ ససేమిరా అంది. ఆమె మాటే సబబు. ఉప్పు చాలని ఊరగాయ నాలుగు నెలలు తిరక్కుండానే బూజు పడుతుంది. కాబట్టి జాడీ జోలికి పోకుండా వడ్డన మార్చాము. భోజనాల దగ్గరకు జాడీ రాదు, చిన్న గిన్నెలో నలుగురికీ కలిపి నాలుగు ముక్కలే వస్తాయి. అప్పడం ఆదివారానికి పరిమితమైంది.

అసలు మార్పు మాత్రం పక్కింటి ఒడియా మావుసీ (పిన్ని) వంటింటి నుంచి వచ్చింది. వాళ్ళు రోజూ వండే దాల్మాలో పెసరపప్పు గుప్పెడైతే అరటికాయ, బొప్పాయికాయ, గుమ్మడికాయ, కంద, ములక్కాడలు గిన్నె నిండా ఉంటాయి. దించే ముందు వేయించి దంచిన జీలకర్ర, ఎండుమిరప పొడి చల్లుతారు. ఆ వాసనకే నోరూరుతుంది, ఉప్పు తగ్గిందన్న సంగతి నాలుకకు తట్టదు. మనం అన్నం కొండంత పెట్టుకుని కూర నంజుకుంటాము, మావుసీ ఇంట్లో దాల్మాయే సగం పళ్ళెం. కూరగాయల్లోనూ పప్పుల్లోనూ ఉండే పొటాషియం సోడియాన్ని బయటికి పంపడంలో మూత్రపిండాలకు తోడ్పడుతుంది. 1997లో అమెరికాలో వెలువడిన డాష్ పరిశోధనలో అందరికీ ఉప్పు ఒకే మోతాదులో ఉంచి, కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాల పదార్థాలు పెంచారు. అధిక రక్తపోటు ఉన్నవారికి పై అంకె సగటున 11 పాయింట్లకు పైగా తగ్గింది. మాకు మావుసీ గిన్నెలోనే దానికి దగ్గరి తిండి కనిపించింది.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. మూత్రపిండాలు ఇప్పటికే దెబ్బతిన్నవారికి పొటాషియమే ప్రమాదం కావచ్చు. వారు డాక్టరును అడగకుండా తిండి మార్చకూడదు, సోడియం తక్కువని అమ్మే ఉప్పులను అసలే వాడకూడదు. సరిహద్దుకు అవతల, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మాకు చుట్టాలున్నారు, అందుకే ఇది నొక్కి చెబుతున్నాను. అక్కడ ఎంతోమందిని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇప్పటికీ తేలలేదు. దాన్ని వాళ్ళ తిండికి అంటగట్టి మాట్లాడడం అన్యాయం.

నాన్నగారు రోజూ వేసుకోవలసిన మాత్రను మానలేదు, మానకూడదు కూడా. నాలుగు నెలలకు రక్తపోటు 136/84కు దిగింది, కంటి ఆపరేషన్ కూడా జరిగింది. మొదటి రెండు వారాలూ పప్పు చప్పగా ఉందని విసుక్కున్న ఆయనే, మొన్న పెళ్ళిభోజనంలో సాంబారు ఉప్పుకషాయంలా ఉందని పక్కన పెట్టేశారు. పొట్లం మీద తేదీ ఇప్పుడు అమ్మే వేస్తోంది. ప్రస్తుతం వాడుతున్నది విప్పి ఈ రోజుకు 44 రోజులు, అడుగున ఇంకా గుప్పెడు ఉంది.