ముల్లు ఆగాక

మా నాన్న అనకాపల్లి బెల్లం మార్కెట్లో కొలగారు. దిమ్మలు కాటా మీద పెట్టించి, తూకం చూసి, బిగ్గరగా చెప్పడం ఆయన పని. ఆయన చెప్పిన అంకె మీదే రైతు చేతికి డబ్బొస్తుంది. అందుకే ముల్లు పూర్తిగా నిలిచేదాకా నోరు తెరిచేవాడు కాదు. సంక్రాంతి సీజన్లో వెనక బళ్లు ఆగిపోయి కలాసీలు కేకలేస్తున్నా సరే, "ముల్లు ఆగనీండి బాబూ" అనేవాడు. తర్వాత ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి. వాటికి ముల్లే లేదు. అయినా అంకెలు కదలడం మానేదాకా అదే మాట.

ఇంట్లో కూడా అంతే. మేం కోపంతో ఊగిపోతుంటే, ఏడుస్తుంటే, పక్కన కూర్చుని "ముల్లు ఆగనీ అమ్మా, అప్పుడు చెబుదువు గాని" అనేవాడు.

ఏటా ఆషాఢ శుద్ధ చతుర్దశికి నాన్న సింహాచలం గిరి ప్రదక్షిణకు వెళ్లేవాడు. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. ఆయన మాఘంలో పోయాడు. ఏడాది తిరిగేదాకా కొండకు వెళ్లకూడదన్నారు కాబట్టి మొదటి ఆషాఢం ఇంట్లోనే గడిచింది. సంవత్సరీకం అయ్యాక వచ్చిన ఆషాఢంలో నేను బయల్దేరాను. నాన్న చెల్లెలు, మా అత్త, తనూ వస్తానంది. అరవై నాలుగేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. వద్దనలేకపోయాను.

మధ్యాహ్నం మూడింటికి తొలిపావంచా, అంటే కొండ కింది మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టాం. సన్నగా జల్లు పడుతోంది. "అప్పన్నా, సింహాద్రి అప్పన్నా" అంటూ జనం ఒక ప్రవాహంలా అడవివరం వైపు సాగిపోతున్నారు. నాకు వాళ్లతో పాటు పోవాలని ఉంది. అత్త మాత్రం వంద అడుగులకోసారి ఆగుతోంది. ముడసర్లోవ చేరేసరికే చీకటి పడేలా ఉంది. మాకంటే తర్వాత బయల్దేరినవాళ్లు దాటిపోతుంటే లోపల చిరాకు మొదలైంది. అది నా మొహంలో కనబడే ఉంటుంది. అత్త ఏమీ అనలేదు.

దారి పొడవునా మజ్జిగ, పులిహోర, మంచినీళ్లు పంచుతున్నారు. ఒకచోట ఓ కుర్రాడు వచ్చినవాళ్లందరి కాళ్ల మీదా నీళ్లు పోస్తున్నాడు. అత్త వాడి తల మీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు.

హనుమంతవాక కూడలి దగ్గర ఒక అరుగు చూపించి కూర్చుందాం అంది. "ఇదిగో, ఇక్కడే కూర్చున్నాం మీ నాన్నా నేనూ" అంది. మామయ్య పోయిన మరుసటేడు నాన్న ఆమెను ప్రదక్షిణకు తీసుకొచ్చాడట. ఇక్కడికొచ్చాక ఆమెకు ఏడుపు ఆగలేదట. కాళ్లు ముందుకు పడలేదట. "లే అనలేదమ్మా. పోదాం అనలేదు. తువ్వాల్లోంచి బెల్లం ముక్క తీసి చేతిలో పెట్టాడు. తెల్లారేదాకా అలాగే కూర్చున్నాడు. పొద్దున్నే ఇద్దరం బస్సెక్కి ఇంటికొచ్చేశాం."

ఆ ఉదయం నాకు గుర్తుంది. ప్రదక్షిణ పూర్తయిందా నాన్నా అని అడిగితే, "ఈ ఏడు అప్పన్న హనుమంతవాక దాకానే రమ్మన్నాడు" అన్నాడు. అత్త గురించి ఒక్క మాట చెప్పలేదు. ఇన్నేళ్లూ నేను అది వానవల్ల అనుకున్నాను.

అక్కడి నుంచి అత్త నడకే నా నడక అయింది. అప్పుఘర్ దగ్గర సముద్రం చేరేసరికి పది దాటింది. మబ్బుల వెనక చంద్రుడు. అత్త మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి దణ్ణం పెట్టుకుంది. నేను పక్కన నిలబడ్డాను. ఎవరికీ చెప్పుకోని సంగతొకటి అక్కడే గొంతుకు అడ్డం పడింది. నాన్న ఆసుపత్రిలో ఉన్న ఆఖరి రోజుల్లో, డబ్బుల విషయంలో తమ్ముడి మీద ఆయన మంచం పక్కనే అరిచాను. నాన్న కళ్లు తెరిచి, "ముల్లు ఆగనీ అమ్మా" అన్నాడు. "ఇది నీ కాటా కాదు నాన్నా" అన్నాను. ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నాడు. తర్వాత నాలుగు రోజులే ఉన్నాడు. ఆ నాలుగు రోజుల్లో ఆయన కాళ్లు పట్టాను, నీళ్లు తాగించాను, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాను.

అత్తకు చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకు నడిపించింది.

వెంకోజీపాలెం, ఇసుకతోట, మాధవధార. ఎక్కడ ఎంతసేపు ఆగామో లెక్క లేదు. ఎన్ఏడీ కూడలి దాటేటప్పుడు తూరుపు తెల్లబడింది. కొండ మీద స్వామికి ఈ పౌర్ణమి నాడే ఆఖరి విడత చందనం. అక్షయ తృతీయ నుంచి నాలుగు విడతల్లో, విడతకు మూడు మణుగుల చొప్పున పన్నెండు మణుగులు. నాన్న ఆ లెక్క చెబుతూ, "ఆ చందనం తూచేవాడి చెయ్యి ఎంత నిలకడగా ఉండాలో" అనేవాడు. చిన్నప్పుడు వినీ విననట్టు వదిలేసిన మాట.

తొమ్మిదింటికి తొలిపావంచా దగ్గరకు తిరిగొచ్చాం. అత్త మెట్టుకు తల ఆనించి లేవలేకపోయింది. నేనూ తొందరపెట్టలేదు. తమ్ముడు ఆటో మాట్లాడుకుని వచ్చి రోడ్డవతల నిలబడ్డాడు. ఏడాదిన్నరగా మా మధ్య అవసరమైన మాటలే. వాడు అత్తను లేపి, నా వాపెక్కిన పాదాలు చూసి ఏదో అనబోయి ఆగాడు.

కొంగు ముడిలో బెల్లం ముక్క ఒకటి మిగిలింది. తీసి వాడి చేతిలో పెట్టాను.

"మన మార్కెట్‌దా?" అన్నాడు.

"ఆఁ" అన్నాను.

సగం విరిచి నాకిచ్చి, మిగతాది నోట్లో వేసుకున్నాడు.