పని ఆగిందని ముందే చెప్పే మనిషి

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటాను. కరెంటు లైన్ల కాంట్రాక్టు పనుల్లో సైట్ ఇన్‌చార్జిని. గజపతి జిల్లా కొండ ఊళ్లకు 11 కేవీ లైన్లు లాగడం, ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టడం, తుఫానుకి పడిపోయినవాటిని మళ్లీ నిలబెట్టడం మా పని. మా బంధువుల అబ్బాయి ఒకడికి ఈ మధ్యే మొదటిసారి ఒక టీమ్‌ని అప్పగించారు. "బాబాయ్, మనుషులతో పని ఎలా చేయించాలి?" అని ఫోన్‌లో అడిగాడు. వాడికి చెప్పింది కొంచెమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మనుషులకి పని చేయడం వచ్చురా అబ్బాయ్. గొయ్యి ఎలా తవ్వాలో, పోల్ ఒరగకుండా పట్టే స్టే వైర్ ఎంత బిగించాలో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నువ్వు చూసుకోవాల్సింది ఒకటే. సైట్‌లో ఏదైనా చెడితే ఆ కబురు అదే రోజు నీ దగ్గరికి రావాలి. వారం తర్వాత వచ్చిందంటే ఇక నువ్వు చేయగలిగింది ఏమీ ఉండదు. నాకు తెలిసిన మంచి ఇన్‌చార్జిలందరికీ ఈ ఒక్క గుణం ఉంది. గొంతు పెద్దదైనా చిన్నదైనా, చదువు ఎంతైనా, వాళ్ల దగ్గరికి చెడ్డ వార్త త్వరగా వస్తుంది. చెప్పినవాడికి భయం ఉండదు.

మా గ్యాంగులో మూడు భాషలు వినిపిస్తాయి. మేస్త్రి పాతపట్నం వైపు మనిషి, తెలుగు. లైన్‌మెన్‌లో ఎక్కువమంది ఒడియా వాళ్లు. మోతపనికీ గోతుల పనికీ గుమ్మా, నువాగడ వైపు నుంచి సవర కుర్రాళ్లు వస్తారు. నేను పొద్దున ఏదైనా చెబితే అందరూ తలూపుతారు. ఎవరికి ఎంత అర్థమైందో తలూపడం చూసి తెలుసుకోలేం. అందుకే "అర్థమైందా?" అని అడగను. "నువ్వు ముందు ఏం చేస్తావ్, తర్వాత ఏం చేస్తావ్, చెప్పు" అంటాను. వాళ్ల భాషలోనే చెప్పమంటాను, పక్కవాడు నాకు చెబుతాడు. ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాల్లోనే తేడా బయటపడుతుంది.

సాయంత్రం సామాను సర్దాక మళ్లీ కూర్చుంటాం. "ఎన్ని పోల్స్ వేశారు?" అన్న ప్రశ్న చివరికి ఉంచుతాను. మొదటిది, "ఎక్కడ ఆగింది?" ఒక రోజు మాట్లాడటానికి మొహమాటపడే సవర కుర్రాడు లేచి, మేం మార్కింగ్ చేసిన చోట వానాకాలంలో వాగు పొంగి వస్తుందని చెప్పాడు. అప్పుడు అక్కడ నేల ఎండి గట్టిగా ఉంది. ఎనిమిది మీటర్ల పోల్‌లో ఆరో వంతు, అంటే దాదాపు 1.3 మీటర్లు, భూమిలో ఉండాలి. కింద మట్టి కోసుకుపోతే ఆ లెక్కకి అర్థం లేదు. మర్నాడు అతన్నే ముందు నడిపించి లైన్ పక్కకి జరిపాం. "వీడు చెబితే లైన్ మారుస్తామా బాబూ?" అని మేస్త్రి మొదట నొచ్చుకున్నాడు. ఊరు అతనిది, వాగు అతనికి తెలుసు అన్నాను. అప్పటి నుంచి మేస్త్రే ఏ ఊరు వెళ్లినా ముందు ఊరివాళ్లని నీళ్లు ఎటు పారతాయో అడుగుతున్నాడు.

లైన్ క్లియర్ సంగతి ఈ రంగంలో లేనివాళ్లకి కూడా పనికొస్తుంది. కరెంటు లైన్ మీద మనిషి ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ ఆపాం, పని చేసుకోవచ్చు అన్న లైన్ క్లియర్ అనుమతి తీసుకోవాలి. ఫీడర్, అంటే ఆ వైపు వెళ్లే లైన్, ఆపుతారు, దాన్ని విడదీసే ఏబీ స్విచ్ తెరుస్తారు, కరెంటు లేదని చెక్ చేసి, పని చేసే చోటికి రెండు వైపులా ఎర్త్ వేస్తారు, అంటే లైన్‌ని భూమికి కలుపుతారు. ఒక్క వైపు వేస్తే చాలదా అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. తుఫాను తర్వాత ఇళ్లలో, షాపుల్లో జనరేటర్లు నడుస్తుంటాయి. సరిగ్గా విడదీయని జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ గుండా పై లైన్‌లోకి ఎక్కుతుంది. ఎక్కినవాడికి అది ఎటు నుంచి వస్తుందో తెలియదు. ఇక ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో వాళ్లే వాపసు ఇవ్వాలి. తన మనుషులందరూ దిగారని లెక్కపెట్టుకుని, ఎర్త్‌లు తీయించి, తన నోటితో చెప్పాలి. ఓనర్ ఫోన్ చేసినా, నేను చేసినా సబ్‌స్టేషన్ వాళ్లు లైన్ చార్జ్ చేయకూడదు, అంటే మళ్లీ కరెంటు వదలకూడదు. ఊళ్లో జనం ఎంత గోల పెట్టినా అంతే.

టీమ్ నడపడం గురించి ఇంతకంటే మంచి పాఠం నాకు ఎక్కడా దొరకలేదు. బాధ్యత ఒక్కడి పేరు మీద ఉంటుంది, ఆ ఒక్కడి మాట అతనికంటే పైవాడు కూడా దాటకూడదు. ఇన్‌చార్జి అన్నవాడు తన అధికారాన్ని కొన్ని చోట్ల కావాలనే కింద పెట్టాలి. ఆఫీసుల్లో ఒకే పనికి నలుగురిని బాధ్యుల్ని చేస్తారు, మధ్యలో పెద్దాయన వచ్చి నాలుగు మాటల్లో మార్చేస్తాడు. అలా నడిచే చోట ఎవడూ తన మనుషుల్ని లెక్కపెట్టుకోడు.

ఇక టైమ్ గురించి. అమెరికాలో 1957 ప్రాంతంలో డ్యుపాంట్ కంపెనీ వాళ్లు క్రిటికల్ పాత్ అనే పద్ధతి తయారుచేశారు. మరుసటి ఏడాది అక్కడి నౌకాదళం పొలారిస్ క్షిపణి పనికి పెర్ట్ అని అలాంటిదే వాడింది. వంద పనుల్లో ఏ వరస పనులు ఒక్క రోజు జారితే మొత్తం ఒక రోజు జారుతుందో పట్టుకోవడం దాని సారం. ఆ వరస మీదే కళ్లు పెట్టాలి, మిగతావాటికి కాస్త వెసులుబాటు ఉంటుంది. 1964 తుఫానుకి పాంబన్ రైలు వంతెన కొట్టుకుపోతే ఆరు నెలల్లో బాగుచేయాలని అనుకున్నారు. రైల్వే ఇంజనీరు శ్రీధరన్ గారు 46 రోజుల్లో పూర్తి చేశారు. సముద్రంలో మునిగిన గర్డర్లను పైకి తీయించి మళ్లీ వాడారు. ఆ పనిలో గట్టి ముడి గర్డర్ల దగ్గరే ఉందని నాకు అనిపిస్తుంది, ముందు ఆ ముడి విప్పారు.

మా పనిలో ముడి ఎక్కువగా పోల్స్ కొండెక్కించడం దగ్గర ఉంటుంది. వాన పడ్డాక ట్రాక్టర్ ఎక్కదు, తాళ్లు కట్టి మనుషులే మోయాలి. ఆ మనుషులు ఎప్పుడు దొరుకుతారో ఏ సాఫ్ట్‌వేర్ చెప్పదు. సంక్రాంతికి తెలుగువాళ్లు ఊళ్లకి పోతారు. వేసవి మొదట్లో కొండల మీద జీడి పంట, సవర కుటుంబాలన్నీ తోటల్లోనే. ఏప్రిల్‌లో మేష సంక్రాంతి ముందు దండనాట అనే వ్రతం. మొక్కుకున్న మగవాళ్లు పదమూడు రోజులైనా ఇల్లు విడిచి దీక్షలో తిరుగుతారు. జూన్‌లో రజ పండుగ మూడు రోజులూ భూమిని దున్నరు, తవ్వరు. రజ రోజుల్లో గోతుల పని రాసిన ప్లాన్ చూస్తే దాన్ని రాసినవాడు ఈ జిల్లాకి రాలేదని నాకు తెలిసిపోతుంది. పండుగ రోజుల్లో డబుల్ కూలి ఇస్తామని ఆశ పెట్టడం నాకు ఇష్టం ఉండదు. గోతుల పని మే నెలలోనే ముగించేలా ముందు కూర్చుని మాట్లాడుకుంటే ఎవరి పండుగా పోదు, పనీ ఆగదు.

ఒడిశాలో ఇదంతా పెద్ద ఎత్తున ఎలా జరుగుతుందో చూశాం. 1999 అక్టోబర్ సూపర్ సైక్లోన్‌లో దాదాపు పదివేల మంది చనిపోయారు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటే సమయానికి రాష్ట్రంలో పది లక్షల మంది దాకా సురక్షిత ప్రాంతాలకి చేర్చారు. చావులు పదుల్లోనే ఆగాయి. ఒక్క ప్రాణం కూడా పోకూడదు అన్న లక్ష్యం కలెక్టర్ నుంచి ఊరి వలంటీర్ దాకా ఒకే మాటగా చేరింది. ఎవరు ఏ షెల్టర్ చూసుకోవాలో ముందే తేలింది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఈసారి మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి మనుషులు పోయారు. సముద్రం వైపు చూడటం అందరికీ అలవాటు, ప్రమాదం కొండ మీద కురిసిన వాన నుంచి వచ్చింది. రోడ్లు తెగి, ఫోన్లు పనిచేయక, ఏ ఊరికి ఏమైందో వెంటనే తెలిసే దారి లేకపోయింది. నేను ఎక్కువగా తలుచుకునేది ఈ తిత్లీనే. ప్లాన్ ఎంత బాగున్నా కబురు వచ్చే దారి తెగితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. అందుకే కొండ మీది ప్రతి గ్యాంగుకీ ఫోన్ పనిచేయకపోతే ఎవరు నడిచి దిగాలి, ఎక్కడికి రావాలి అన్నది ముందే చెప్పి ఉంచుతాను.

చివరిగా డబ్బు సంగతి. ఇది ఎవరూ మాట్లాడరు గానీ అసలు చిక్కు ఇక్కడే. ఎర్త్ రాడ్ దొరకలేదనో, ఇన్సులేటర్ పగిలి ఉందనో లైన్‌మన్ పని ఆపితే ఆ రోజు కూలి కోసేసే కాంట్రాక్టర్లు ఉన్నారు. అలా కోసిన మర్నాటి నుంచి ఆ సైట్‌లో ఇన్సులేటర్లు ఒక్కటీ పగలవు, పగిలినవి కూడా పోల్ మీదికి ఎక్కిపోతాయి. నేను మాత్రం కారణం చెప్పి ఆపినవాడికి పూర్తి కూలి వేస్తాను, మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, ఆ కారణం కూడా రాస్తాను. ఓనర్ అడిగితే లెక్క చూపిస్తాను. ఒక గ్యాంగు ఒక పూట కూలి ఎంత, పోల్ మీదికి ఎక్కిన పగిలిన ఇన్సులేటర్‌ని మార్చడానికి మళ్లీ ఎల్‌సీ తీసుకుని బండి పంపితే ఎంత. రెండూ పక్కపక్కన రాస్తే ఆయనే సంతకం పెడతాడు. అబ్బాయ్, నీ కంపెనీలో మస్టర్ ఉండకపోవచ్చు. పని ఆపినవాడికి నెలాఖరున ఏం జరుగుతోందో మాత్రం కనుక్కో.