చింజి

"పాప్ మొగొస్సొయో?" అన్నాను మెట్ల దగ్గర కనబడిన ఇంటి ఓనరు హల్మొనితో, అంటే బామ్మగారితో. కొరియన్‌లో అన్నం తిన్నారా అని. చేతిలో ముల్లంగి కట్టతో ఆవిడ నవ్వుతూ తలూపారు. పక్కనున్న మనవరాలు మెల్లగా చెప్పింది: "పెద్దవాళ్ళతో 'చింజి దుషొస్సొయో' అనాలి."

చివర 'యో' పెడితే మర్యాద సరిపోతుందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ 'యో' వినేవాళ్ళకిచ్చే గౌరవమట. తినేవాళ్ళకివ్వాల్సింది వేరే. 'మొక్తా' అనే క్రియ 'తుషిదా' అవ్వాలి, 'పాప్' అనే అన్నం 'చింజి' అవ్వాలి. ఆఫీసులో పైవాళ్ళనైతే "షిక్సా హషొస్సొయో" అని అడగాలి.

మనమూ తాతయ్యని "భోంచేశారా" అనే అడుగుతాం కదా. కానీ కంచంలో అన్నం పేరు మాత్రం మారదు. ఇక్కడ కొరియాలో అదీ మారుతుంది. ఎంత ముచ్చటేసిందో!

సాయంత్రం తలుపు తట్టి అడిగాను, "హల్మొని, చింజి దుషొస్సొయో?"

ఆవిడ ఒక్క క్షణం నన్నే చూసి, చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు తిన్నావా?" అని లోపలికెళ్ళి, పొద్దుటి ముల్లంగితో పెట్టిన కిమ్చీ డబ్బా తెచ్చి చేతిలో పెట్టారు.

కుక్కర్లో అన్నం ఉడుకుతోంది. మా అమ్మకి ఫోన్ చేయాలి.