బంతి ఇవ్వని జట్టు

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే నాకు చాలాకాలం చిరాకే. ఐదు సెకన్లు ఆడతారు, నలభై సెకన్లు గుంపుగా నిలబడి మాట్లాడుకుంటారు, ఈలోపు నాలుగు ప్రకటనలు. అలాంటిది 2024లో ఒక జట్టు కోసం శనివారాలు ఖాళీ పెట్టుకున్నా. అది అమెరికా సైన్యానికి అధికారుల్ని తయారుచేసే వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీ కాలేజీ జట్టు. అందరూ ఆర్మీ అనే పిలుస్తారు.

నేను వాళ్లకి పట్టుబడింది నవంబర్ 9న. నార్త్ టెక్సస్ యూనివర్సిటీతో ఆట. ఆ నార్త్ టెక్సస్ వాళ్లు ప్రతి ఆటలో పాయింట్లు కుమ్మరించే రకం. సగం ఆట అయ్యేసరికి స్కోరు 7-3, ఆర్మీ ముందుంది కానీ ఏ క్షణంలోనైనా తలకిందులయ్యేలా ఉంది. మూడో క్వార్టర్‌లో ఆర్మీకి బంతి దొరికింది, అదీ తమ గోల్ గీతకి 6 గజాల దూరంలో, అంటే ఎదురుగా ఇంకా 94 గజాలు. నేను టీ పెట్టుకుందామని లేచా. టీ మరిగించి, వడగట్టుకుని వచ్చి కూర్చుంటే బంతి ఇంకా ఆర్మీ దగ్గరే ఉంది. తాగడం అయింది, కప్పు కడిగి బోర్లించి వచ్చా, ఇంకా వాళ్ల దగ్గరే! మూడు గజాలు, నాలుగు గజాలు, మళ్లీ మూడు. మొత్తం 21 ప్లేలు, అంటే బంతితో 21 ప్రయత్నాలు, గడియారంలో 13 నిమిషాల 54 సెకన్లు. ఒక క్వార్టర్ అంటేనే 15 నిమిషాలు. చివరికి నాలుగో క్వార్టర్‌లో బంతి అవతలి గీత దాటి టచ్‌డౌన్ అయింది. అవతలి జట్టు స్టార్లంతా అంతసేపూ గట్టు మీద కూర్చుని నీళ్లు తాగుతున్నారు, పాపం, చేతిలో బంతి లేకపోతే ఎంత మొనగాడైనా ఏం చేస్తాడు. ఆట 14-3తో ముగిసింది.

ద్రవిడ్ రోజంతా నిలబడి బౌలర్ల ఓపిక తినేసే బ్యాటింగ్ చూసి పెరిగిన వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. మిగతా దేశమంతా లాంగ్ పాస్‌ల మీద పడితే వీళ్లు ఇంకా నేల మీదే పోతారు. జట్టుని నడిపే క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని, వెనక నుంచి పరుగెత్తుకొచ్చే ఫుల్‌బ్యాక్ పొట్ట దగ్గర పెడతాడు, కానీ ఇంకా వదలడు. అవతలి వాళ్లలో ఒకణ్ణి కావాలనే ఎవరూ అడ్డుకోరు. వాడు ఫుల్‌బ్యాక్ మీదికి వస్తే క్వార్టర్‌బ్యాక్ బంతి వెనక్కి లాక్కుని తనే పరుగెత్తుతాడు, రాకపోతే ఇచ్చేస్తాడు. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు జరిగిపోతుంది. మన ఆటగాళ్లు చిన్నగా ఉన్నప్పుడు ఎదుటి పహిల్వాన్‌ని గుద్ది పడేయలేం కదా, అలాంటప్పుడు వాడి నిర్ణయాన్నే తప్పు చేయాలి, అదీ ఇందులో కిటుకు. మిలిటరీ వాళ్లకి బరువు నియమాలుంటాయి కాబట్టి ముందు వరసలో నిలబడి దారి చేసే కొండల్లాంటి లైన్‌మెన్ దొరకరు.

నిజానికి ఈ పద్ధతిని వాళ్లే ఒకసారి పక్కన పెట్టారు. నడుము కింద అడ్డుకోవడం మీద రూల్స్ బిగించాక, 2023లో కోచ్ జెఫ్ మాంకెన్ కాస్త ఆధునికంగా వెళ్దామని, క్వార్టర్‌బ్యాక్ కొన్ని గజాల వెనక నిలబడి బంతి అందుకునే షాట్‌గన్‌కి మార్చాడు. ఫలితం 6 గెలుపులు, 6 ఓటములు. మరుసటి ఏడాది చాలావరకు పాత దారికే వచ్చేశాడు. వచ్చినందుకు ఆ ఏడాది దేశంలో ఉత్తమ అఫెన్సివ్ లైన్‌కి, అంటే ఆ ముందు వరసకి ఇచ్చే జో మూర్ అవార్డు వీళ్లకే దక్కింది. కొండల్లాంటి వాళ్లు లేరన్న జట్టుకి!

క్వార్టర్‌బ్యాక్ బ్రైసన్ డెయిలీ గురించి చెప్పకుండా ఉండలేను. పరుగెత్తడు, దూసుకుపోతాడు, ఎద్దు చేలో పడ్డట్టు. ఆ సీజన్‌లో పరుగెత్తి కొట్టిన టచ్‌డౌన్లు 32. ఇంకో సంగతేంటంటే, 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, పెద్ద జట్ల క్వార్టర్‌బ్యాక్‌ల చేతిలో లక్షల డాలర్లు ఆడుతున్నాయి. వెస్ట్ పాయింట్‌లో అది కుదరదు. చదువు ఉచితం, కానీ చదువైపోయాక ఐదేళ్లు సైన్యంలో పనిచేయాలి.

అలా తొమ్మిదికి తొమ్మిది గెలిచారు. తర్వాత యాంకీ స్టేడియంలో నోటర్ డామ్ 49-14తో ఉతికి ఆరేసింది. అది బాధ కాదు, ఆ జట్టు తర్వాత జాతీయ ఫైనల్‌దాకా వెళ్లింది. డిసెంబర్ 6న సొంత గడ్డ మీద, మిచీ స్టేడియంలో టులేన్‌ని 35-14తో ఓడించి, తాము ఆడే కాలేజీల కూటమి అయిన అమెరికన్ కాన్ఫరెన్స్ టైటిల్ కొట్టారు. డెయిలీ ఒక్కడే నాలుగు టచ్‌డౌన్లు. 1890లో ఫుట్‌బాల్ మొదలుపెట్టిన జట్టుకి ఇది మొట్టమొదటి కాన్ఫరెన్స్ టైటిల్. చాలా ఏళ్లు ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేరు, అదీ నిజమే అనుకోండి, అయినా 134 ఏళ్లు.

ఇక అందరూ ఎదురుచూసేది నేవీతో, అంటే నౌకాదళ అకాడమీ జట్టుతో ఆట.

డిసెంబర్ 14, మేరీలాండ్‌లో. సీజన్ మొత్తం ఎలా గెలిచినా ఈ ఒక్కటి పోతే ఏడాదంతా గొంతులో ముల్లులా ఉంటుందట. పోయింది. 31-13. నేవీ క్వార్టర్‌బ్యాక్ బ్లేక్ హోర్వాత్ 204 గజాలు పరుగెత్తాడు, అంటే మన వాళ్ల మందు మన వాళ్లకే పోశాడు. డెయిలీ పాస్‌లు మూడు అవతలి వాళ్ల చేతిలో పడ్డాయి. కానీ నన్ను చంపింది నాలుగో క్వార్టర్‌లో ఒక్క ప్లే. నేవీ పంట్ చేయడానికి, అంటే బంతిని దూరంగా తన్ని అవతలి వాళ్లకి వదిలేయడానికి వరుస కట్టింది, అందరూ బంతి గాల్లోకి లేస్తుందనుకున్నారు. లేవలేదు. అది నేరుగా లాండన్ రాబిన్సన్ చేతికి వెళ్లింది. ఆయన నోస్ గార్డ్, అంటే మధ్యలో గోడలా నిలబడాల్సిన భారీ మనిషి. ఆ మనిషి బంతి చంకలో పెట్టుకుని 29 గజాలు పరుగెత్తాడు. కుర్చీలోంచి లేచి నిలబడి, నేను ఏ జట్టు వైపో మర్చిపోయి నవ్వేశా. తర్వాత తిట్టుకున్నా.

ఆట అయ్యాక రెండు జట్లూ కలిసి మొదట ఓడినవాళ్ల విద్యార్థుల ముందుకి వెళ్లి నిలబడతాయి, వాళ్ల అకాడమీ పాట పాడతారు. తర్వాత గెలిచినవాళ్ల పాట. అందుకే అక్కడ గెలుద్దాం అనడానికి బదులు ‘రెండోసారి పాడదాం’ అంటారు. కెమెరా దగ్గరగా వెళ్లినప్పుడు ఆర్మీ కుర్రాళ్ల ముఖాలు చూశా. హెల్మెట్ చంకలో, పెదాలు పాటకి కదులుతున్నాయి, కళ్లు మాత్రం ఎక్కడో ఉన్నాయి.

ఇంకా ఒక ఆట మిగిలింది. సీజన్ చివర ఆడే ఇండిపెండెన్స్ బౌల్‌లో మొదట అనుకున్న ప్రత్యర్థి మార్షల్ యూనివర్సిటీ. వాళ్ల కోచ్ వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు, వెనకే ఆటగాళ్లు గంపగుత్తగా, వేరే కాలేజీకి మారాలనుకునేవాళ్ల జాబితా అయిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేర్లిచ్చేశారు, ఆడటానికి మనుషుల్లేక తప్పుకున్నారు. ఆ స్థానంలో లూసియానా టెక్ వచ్చింది. మిలిటరీ జట్టంటే అందరూ కట్టుబడి ఉంటారని రాసేద్దామనుకున్నా గానీ, అదీ పూర్తి నిజం కాదు. ఆ సీజన్‌లో వెయ్యి గజాలకి పైగా బంతితో పరుగెత్తిన రన్నింగ్ బ్యాక్ ఒకడు ఆర్మీ నుంచి కూడా వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. మూడో ఏడాది మొదలవకముందు వెళ్లిపోతే సైన్యం బాకీ ఉండదు, తప్పు పట్టడానికేం లేదు.

డిసెంబర్ 28న 27-6తో గెలిచారు. అది పన్నెండో గెలుపు, అకాడమీ చరిత్రలో ఏ సీజన్‌లోనూ అన్ని లేవు. ఆ రోజు కూడా మధ్యలో టీ కోసం లేచా. బంతి ఆర్మీ దగ్గరే ఉంది కదా అని, ఈసారి అల్లం కూడా దంచి వేసుకున్నా.