కుడి కన్ను పోయాక ఎడమ చేత్తో విల్లు

పీప్ సైట్‌లో దుమ్ము చేరిందనుకున్నాను. వింటినారి మధ్యలో బిగించే చిన్న రంధ్రం అది. నారి లాగినప్పుడు కంటికి ఎదురుగా వస్తుంది, దాని గుండా చూసి గురి పెడతాం. ఆ రంధ్రంలో నల్లటి నలుసులు తేలుతున్నాయి. ఊదాను, గుడ్డతో తుడిచాను, పోలేదు. మర్నాడు చీకట్లో కన్ను తిప్పితే పక్కన మెరుపులు మెరిసినట్టయింది. నిద్ర చాల్లేదేమో అనుకున్నాను. మూడో రోజు కుడి కంట్లో, ముక్కు వైపు కింది నుంచి నల్లటి తెర లేచింది. నొప్పి మాత్రం రవ్వంత కూడా లేదు. ఆ నొప్పి లేకపోవడమే నా కొంప ముంచింది.

కంటి వెనకాల బొమ్మ పడే పొర, రెటీనా, ఊడిందన్నారు. కాలేజీ రోజులకే నాకు మైనస్ ఎనిమిది పవర్. అంత పవర్ ఉన్నవాళ్ళకు కనుగుడ్డు పొడవుగా సాగి రెటీనా పలచబడుతుందట, చిరిగే అవకాశం ఎక్కువట. "నలుసులు ఎప్పటినుంచి?" అని డాక్టరుగారు అడిగారు. "మూడు రోజులైందండీ" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. సూటిగా చూసే చూపంతా మాక్యులా అనే చిన్న భాగం మీద ఆధారపడుతుంది. అప్పటికే అదీ లేచిపోయింది. ఉన్నట్టుండి నలుసులు, మెరుపులు కనిపిస్తే మీ పరికరాలు తుడుచుకుంటూ కూర్చోకండి, అదే రోజు కళ్ళ డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

విట్రెక్టమీ, అంటే కంటి లోపలి జెల్లీని తీసేసే ఆపరేషన్, చేసి కంట్లోకి గ్యాస్ ఎక్కించారు. ఆ బుడగ పైకి తేలి రెటీనాను గోడకు అదిమి ఉంచాలి కాబట్టి వారం రోజులు బోర్లా పడుకోవాలి, కూర్చున్నా తల వంచుకునే ఉండాలి. గ్యాస్ కరిగేదాకా విమానం ఎక్కకూడదు, కొండలెక్కకూడదు. ఎత్తుకు పోతే గ్యాస్ వ్యాకోచించి కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ వారంలో నేలమీది పలకలన్నీ నాకు కంఠతా వచ్చాయి. తర్వాత రోజురోజుకీ బుడగ కుంచించుకుపోయి, చివరికి చూపు అడుగున నల్లటి పూసలా ఊగుతూ ఒక పొద్దున మాయమైంది.

రెటీనా అతుక్కుంది. చూపు కొంత వచ్చింది. కానీ ఆ కంటికి తలుపు అంచు మధ్యలో వంగి కనిపిస్తుంది, అక్షరాలు నలిగినట్టుంటాయి. ఏడాది తిరక్కుండా శుక్లం కూడా వచ్చింది. ఈ ఆపరేషన్ తర్వాత అది మామూలేనట, అదీ తీయించుకున్నాను. వంకర మాత్రం అలాగే ఉంది.

రెండు నెలలకు బరువులు లాగొచ్చని అనుమతి ఇచ్చారు. విల్లు తీసి గురి పెడితే సైట్‌లో గురికి వాడే పిన్ కొక్కెంలా వంగి ఉంది. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూద్దామంటే కుదరదు. నారి కుడి చెంపను ఆనుకుని ఉంటుంది, పీప్ ఎడమ కంటి ముందుకు రాదు. కాగితం లక్ష్యానికైతే ఎలాగో సర్దుకునేవాణ్ణేమో. కానీ నేను విల్లుతో వేటాడేవాణ్ణి. జింక మీద వేసే బాణం గుండె, ఊపిరితిత్తుల చోట దిగాలి. లేదంటే అది గాయంతో పొదల్లో పడి గంటల తరబడి చస్తుంది. ఎడమ కంటితో చూడాలంటే ఎడమ చేత్తో లాగాలి, వేరే దారి లేదు.

"ముందు ఆ చేత్తో సంతకం పెట్టి చూపించండి, తర్వాత బాణాలు వేద్దురుగాని" అంది మా ఆవిడ.

నాది చివర్ల చక్రాలుండే కాంపౌండ్ విల్లు. దాన్ని తిప్పి పట్టుకుంటే సరిపోదు, ఎడమచేతి వాటం వాళ్ళకు వేరే తయారవుతుంది. నారి లాగడానికి అరవై పౌన్ల బలం కావలసిన విల్లు వాడినవాణ్ణి ముప్ఫై పౌన్లతో మొదలుపెట్టాను, అదీ వణుకుతూ. మొదటి వారంలోనే, లాగుతుండగా ఎడమ చూపుడువేలు, నారిని పట్టి వదిలే రిలీజ్ పరికరం ట్రిగ్గర్‌కు తగిలి నా పిడికిలి నా మూతి మీదే పడింది. పెదవి చిట్లింది. లాగేటప్పుడు వేలు ట్రిగ్గర్ వెనకాల ఉండాలని కొత్తవాళ్ళకు నేనే ఎన్నిసార్లు చెప్పానో!

ఎడమ చెయ్యే ఇబ్బంది పెడుతుందనుకుంటే, ఎక్కువ సతాయించింది కుడిది. విల్లు పట్టుకునే చెయ్యి వదులుగా ఉండాలి. ఇన్నేళ్ళు పనంతా చేసిన చెయ్యి ఊరికే ఉండలేక పిడిని పిసికేది, బాణాలు ఒకే పక్కకు పోయేవి. వేళ్ళు తెరిచి పెట్టమంటే తెరిచేది, నారి వదిలే క్షణంలో మళ్ళీ బిగించేది. ఎడమ చేతికైతే పాత దురలవాట్లు లేవు, చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది. రెండు కళ్ళూ తెరిస్తే కుడి కంటి వంకర బొమ్మ అడ్డు వచ్చేది. కళ్ళద్దం మీద చిన్న టేపు ముక్క అంటించాక ఆ గొడవ తీరింది. తోటివాళ్ళు సవ్యసాచి అని పిలవడం మొదలుపెట్టారు. అర్జునుడికి రెండు చేతులూ వచ్చు, నాకు ఒకటి పోయి ఇంకొకటి వచ్చింది, అంతే తేడా.

ఏడాదికి యాభై పౌన్లకు చేరాను. ఇరవై గజాల్లో బాణాలన్నీ అరచేతిలో పట్టేంత చోట పడ్డాకే వేటకు వెళ్ళాను. పదిహేను గజాల్లో జింక వచ్చింది. నాకు ఎడమ పక్కనుంచి!

కుడిచేత్తో లాగేవాడు కూర్చున్నచోటే ఎడమకు సులువుగా తిరుగుతాడు, అందుకే తొమ్మిదేళ్ళుగా నా చెట్టు మీది సీటును బాట ఎడమకు వచ్చేలా కట్టుకున్నాను. ఇప్పుడు నాకు సులువైనది కుడి పక్క. అన్నీ మార్చుకుని ఆ ఒక్కటీ మరిచిపోయాను. ఒళ్ళంతా తిప్పబోయేసరికి సీటు కిర్రుమంది, జింక తలెత్తింది, మరుక్షణం లేదు.

మరుసటి సీజన్‌కు సీటు తిప్పి కట్టాను. పద్దెనిమిది గజాల్లో, కుడి పక్కన, ఆడజింక. దూరాన్ని రేంజ్‌ఫైండర్‌తో చూసుకున్నాను, ఒక కన్ను దెబ్బతిన్నాక దూరాల అంచనా నమ్మలేను. బాణం దిగాక అది నలభై అడుగులు పరుగెత్తి కూలింది. అరగంట ఆగి దిగాను.

వేట అనుమతి పత్రం నింపాలి. మోకాలి మీద పెట్టుకుని చూస్తే, కుడి కంటికి సంతకం గీత ఇంకా వంకరగానే ఉంది. ఎడమ చేత్తో ఒకసారి ప్రయత్నిద్దామనుకున్నాను. పత్రం పాడవుతుందని భయమేసి, పెన్ను కుడి చేతికి మార్చుకున్నాను.